సముద్రం అడుగున గ్రేసీ కొలిమి

మామిడి సీజను మంచి ఊపులో ఉండగా గ్రేసీ కాలు విరిగింది. చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో ఆమె కాయలు ఏరే పని చేస్తుంది. లారీల్లోంచి దించిన బెంగళూరా మామిడికాయలు రోలర్ల మీద దొర్లుతూ వస్తుంటే మచ్చలున్నవీ, మరీ మెత్తబడినవీ పక్కకు తీసెయ్యాలి. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినడానికి బయటికొస్తూ తొక్కల మీద కాలు వేసి జారిపడింది. లేచి నిలబడదామంటే కాలు మాట వినలేదు.

భర్త ఇమ్మానుయేల్ ఆటో తోలుతాడు. అంత దూరం ఆటోలో కుదుపుతూ తీసుకుపోవడం ఇష్టంలేక బాడుగ కారు పిలిపించి ఆమెను ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరుకు తీసుకుపోయాడు. అక్కడ ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టు కట్టారు. కాలు కింద మోపకూడదని చెప్పి పంపించారు.

చిత్తూరు గిరింపేటలోని రెండు గదుల ఇంట్లో గ్రేసీ మంచానికి అతుక్కుపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఒక్క సీజను కూడా పని మానని మనిషి ఆమె. చేతులకు పని లేకపోయేసరికి నోటికి పని ఎక్కువైంది. ఇమ్మానుయేల్ వండిన చారులో ఉప్పెక్కువ. ఆరేసిన బట్టలకు ముడతలు. ఊడ్చిన ఇంట్లో మూలల్లో దుమ్ము. అతను తెల్లారగానే ఆటో స్టాండుకు పారిపోవడం మొదలుపెట్టాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు, కోమలి. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఆదివారం ఆమె బస్సు దిగగానే తండ్రి ఆటోలో ఎక్కించుకుంటూ గోడు వెళ్లబోసుకున్నాడు.

"మీ అమ్మ నన్ను బతకనిచ్చేట్టు లేదు పాపా. ఆమెను దేంట్లో అయినా పెట్టి పో."

కోమలి నవ్వింది. ఆమె సంచిలో పాత ల్యాప్‌టాప్ ఉంది. కొత్తది కొనుక్కోవడంతో దీన్ని ఇంట్లో పెట్టేద్దామని తెచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లి వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ఒళ్లో పలక పెట్టి, దాని మీద ఆ ల్యాప్‌టాప్ తెరిచింది. హాస్టల్లో తనూ, తన గదిలోనే ఉండే రూపశ్రీ అనే అమ్మాయీ నెట్‌లో కలిసి ఆడే గేమ్ అందులో ఉంది. ఒక ఓడ మునిగిపోతుంది. బతికినవాళ్లు సముద్రం అడుగునే గాజు గది కట్టుకుని, గాలీ నీళ్లూ తిండీ సంపాదించుకుంటూ కాలం గడపాలి. కావలసిన ప్రతి వస్తువూ ఆ నీళ్లలో దొరికే వాటితోనే చేసుకోవాలి.

గ్రేసీకి ఈత రాదు. మద్రాసులో మెరీనాకు పోయినప్పుడు పాదాలు తడుపుకుని వెనక్కి వచ్చేసిన మనిషి. తెర మీద నీలం సూటు వేసుకున్న తన బొమ్మ నీళ్లలోకి దిగగానే భుజాలు బిగబట్టింది. ఏదో పెద్ద చేప నీడ తన మీదుగా పోయేసరికి మౌస్ వదిలేసింది.

"మూసెయ్ మే దీన్ని. నాకు ఊపిరాడలేదు."

"అది బొమ్మమ్మా. నీకెందుకు ఊపిరాడదు?"

"ఏమో, ఆడలేదు."

కోమలి తల్లి బొమ్మను గాజు గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. గదిలో ఒక మూల పొయ్యిలాంటి యంత్రం ఉంది.

"సరే, నువ్వు బయటికి రావద్దు. మేం రాళ్లూ నాచూ తెచ్చి ఈ పెట్టెలో ఏస్తాం. నువ్వు ఈడ కూసోని వాటిని శుద్ధి చెయ్యి. మాకు అది చానా విసుగు."

ఆ విసుగు పుట్టించే పనే గ్రేసీకి నచ్చింది.

కోమలి తిరుపతికి వెళ్లిపోయాక కూడా సాయంత్రం డ్యూటీ దిగి ఫోను చేసేది. గ్రేసీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని సముద్రంలో తయారుగా ఉండేది. అమ్మాయిలు పచ్చగా చిలుము పట్టినట్టుండే రాళ్లు తెచ్చి పోసేవాళ్లు. వాటిని ముందు కడగాలి, తర్వాత దంచాలి, ఆ పొడిని పొయ్యిలో వెయ్యాలి. మంట పెంచితే తొందరగానే అయిపోతుంది గానీ సగం పనికిరాని చిట్టెంగా పోతుంది. మంట తగ్గించి ఆగితే ఎర్రటి రాగి కడ్డీ బయటికొస్తుంది. ఇసుక గాజవుతుంది. నాచు ఆరి, నలిగి, దారమవుతుంది. ఉప్పునీళ్లు ఒక గొట్టంలో పోయి ఇంకో గొట్టంలోంచి తాగే నీళ్లయి వస్తాయి.

మొదటి రాగి కడ్డీ వచ్చిన సాయంత్రం ఆమె దాన్ని పెట్టెలో వెయ్యకుండా చాలాసేపు తన బొమ్మ చేతిలోనే పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇన్నేళ్లు ఫ్యాక్టరీలో ఆమె చూసింది రోలర్ల మీది కాయలే. అవి ముందుకు పోయి ఏమవుతాయో చెబితే వినడమే తప్ప చూసింది లేదు. ఇక్కడ రాయి వేసిందీ తనే, కడ్డీ తీసిందీ తనే.

"బాగుండాదా పాపా?" అని అడిగింది.

"మాకు ఇంత మంచిది ఎప్పుడూ రాలేదాంటీ" అంది అవతలి నుంచి రూపశ్రీ.

అప్పటి నుంచి ఇంట్లో చారు రుచి గురించి మాట రాలేదు. ఇమ్మానుయేల్ మధ్యాహ్నం కూడా ఇంటికి వచ్చి కునుకు తీయసాగాడు.

కొన్నాళ్లకు అమ్మాయిలకు అగాధం దగ్గర నల్లరాయి కనబడింది. దాంతో చేసిన సూటు వేసుకుంటేనే ఇంకా లోతుకు పోవచ్చు. ఒకసారి తెచ్చిన రాయి చాలక మళ్లీ బయలుదేరారు. వాళ్లు తిరిగొచ్చేలోపు అంతా కరిగించి చూపించాలని గ్రేసీకి తొందర పుట్టింది. పాతదీ, కొత్తగా పెట్టుకున్నదీ రెండు పొయ్యిలూ వెలిగించింది. నీళ్ల యంత్రమూ నడుస్తోంది. దంచే యంత్రం కూడా వేసింది. గదిలో దీపాలు ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయాయి. బ్యాటరీ ఖాళీ. గాలి పంపు ఆగిపోయింది. దారి తెలియడానికి గది పైన పెట్టుకున్న పెద్ద దీపమూ ఆరిపోయింది.

"అమ్మా, మన దీపం కనపడలేదు. ఏమైంది?" కోమలి గొంతు.

"నేనే పాపా. అన్ని మిషన్లూ ఒకేసారి ఏసేసినా."

"ఆంటీ, నాకు గాలి కొంచెమే ఉండాది" అంది రూపశ్రీ. "యాడికి పోవాలో తెలీడంలేదు."

పెట్టెలో గ్రేసీ నింపి పెట్టిన గాలి సిలిండర్లు రెండున్నాయి. అవి వాళ్లకు అందాలంటే ఎవరో ఒకరు తీసుకుపోవాలి. గదిలో ఉన్నది తనొక్కతే. కట్టు కట్టిన కాలు మంచం మీదే ఉంది గానీ, ఆమెకు రెండు కాళ్లూ చల్లబడినట్టనిపించింది. సిలిండర్లు తీసుకుంది, తలుపు తెరిచింది.

బయట చీకటి. అప్పుడే టీ పట్టుకొచ్చిన ఇమ్మానుయేల్ తెర చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎడమకు తిప్పు! ఎడమకు! రాయికి గుద్దుకుంటావు!"

"గమ్మునుండయ్యా, ఇది నీ ఆటో కాదు."

"అమ్మా, నేను లైటు ఆర్పి ఏస్తా ఉంటా. సూస్తా రా" అంది కోమలి.

గ్రేసీ ముందుకే పోయింది. కింద నేల ఉన్నట్టుండి తెగిపోయి అగాధం మొదలైంది. అయినా ఆగలేదు. దూరంగా మినుకు మినుకుమంటూ ఒక వెలుగు, దాని పక్కన ఇంకోటి. దగ్గరికి పోయి సిలిండర్లు చెరొకటి అందించాక గానీ ఆమె ఊపిరి వదల్లేదు. ఇమ్మానుయేల్ కూడా అప్పుడే వదిలాడు.

ముగ్గురూ గ్రేసీ వచ్చిన దారినే వెనక్కి తిరిగారు. అప్పుడు చూసింది గ్రేసీ. రాళ్ల మీద, నాచు కొసల మీద, చిన్న చిన్న చేపల ఒంటి మీద నీలంగా, పచ్చగా వెలుగు.

"రోజూ ఇట్లనే ఉంటుందా పాపా?"

"ఆ పెద్ద దీపం ఎలిగినన్నాళ్లూ మాకూ తెలీలేదమ్మా" అంది కోమలి. "నువ్వు ఆర్పినాకనే కనపడింది."

పొయ్యిలు ఆపి ఆగితే బ్యాటరీ మెల్లగా నిండింది. పొయ్యిలో వేసిన నల్లరాయి మాత్రం పనికిరాకుండా పోయింది. గ్రేసీ మాటిమాటికీ బాధపడుతుంటే రూపశ్రీ అంది, "రాళ్లకేమాంటీ, మళ్లీ తెచ్చుకుందాం. ఈసారి మీరూ రండి." మర్నాడు ఆమె వెళ్లింది. నల్లరాయిని స్వయంగా కొట్టి తెచ్చుకుని, ఒక పొయ్యి మీదే కరిగించింది. మూడు సూట్లు తయారయ్యాయి.

కట్టు విప్పేశారు. కొన్నాళ్లు గోడ పట్టుకుని, తర్వాత పట్టుకోకుండా నడిచింది. మామిడి అయిపోయి జామకాయలు మొదలైనప్పుడు మళ్లీ ఫ్యాక్టరీకి పోయింది. మొదటి రోజే సూపర్‌వైజర్ దొరస్వామిని అడిగింది.

"అన్నా, లోపల గుజ్జు ఎట్ల తీస్తారో ఒకసారి సూపిస్తావా?"

"ఇన్నేళ్లకు ఇప్పుడు గుర్తొచ్చిందామ్మా?" అన్నాడు గానీ, టీ టైములో తలకు టోపీ పెట్టించి తీసుకుపోయాడు. కడిగే తొట్లు, గింజలు వేరుచేసే జల్లెడ, ఆవిరి పైపులు అన్నీ చూసింది. చివర గులాబిరంగు గుజ్జు వెచ్చగా, దళసరిగా సంచుల్లోకి దిగుతోంది. టీ టైము అయిపోయిందని దొరస్వామి పిలిచేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఈ ఆదివారం కోమలితోపాటు రూపశ్రీ కూడా వచ్చింది. మధ్యాహ్నం ముగ్గురూ మంచం మీద చేరి ల్యాప్‌టాప్‌లు తెరిచారు. ఇమ్మానుయేల్ వెనక నిలబడి కాసేపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నాకూ ఒక మనిషిని చెయ్యండి మే. మీ రాళ్లు మోస్తా."

కోమలి తన ల్యాప్‌టాప్ తండ్రికిచ్చింది. దిగీ దిగగానే అతని బొమ్మ గిలగిలా కొట్టుకుంది. గ్రేసీ పక్కకు జరిగి, మౌస్ మీదున్న అతని చేతి మీద చెయ్యి వేసింది.

"తొందరపడొద్దయ్యా. ముందు పైకొచ్చి గాలి పీల్చుకో. ఆఁ, అట్ల."