మా నర్సమ్మత్త, ఆమె వారం సూది

నిన్న పొద్దున స్కూల్‌కి రెడీ అవుతుంటే మల్లేశ్ బావ ఫోన్ చేశాడు.

"స్వప్నా, అమ్మ పోయింది."

"ఏ ఊరికి బావా?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. ఈ మధ్య అత్తమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు కదా. అటువైపు బావ ఏడుపు విన్నాకే అర్థమైంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

బహదూర్‌పల్లి నుంచి అత్తమ్మ ఉండే అలియాబాద్ దాకా ఎలా వెళ్లానో నాకు గుర్తు లేదు.

నర్సమ్మత్త మా నాన్నకు అక్క. శామీర్‌పేట రోడ్డు మీద చేపలు కొన్నవాళ్లలో సగం మందికి ఆమె తెలుసు. మిగతా సగం మందికి ఆమె గొంతు తెలుసు.

ఇంటికి వెళ్లి కూర్చున్నానో లేదో, వెనక నుంచి ఒక మాట వినిపించింది.

"ఫోన్ల డాక్టర్‌ను నమ్ముకుంటే గిట్లనే అయితది. గా సూదే సంపింది."

అందుకే ఈ పోస్ట్. అత్తమ్మను తెలిసినవాళ్లంతా ఒకసారి చదవండి.

అత్తమ్మ మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఆపరేషన్ చేయాలంటే ముందు బరువు తగ్గాలన్నారు పెద్ద డాక్టర్. అన్నం మానేసింది, జొన్న రొట్టె తిన్నది, ఎవరో చెప్పిన కషాయాలన్నీ తాగింది. కాంటా ముల్లు మాత్రం కదల్లేదు.

ఆమెకున్న కోరిక ఒక్కటే. చెరువు గట్టు దాకా తన కాళ్ల మీద నడిచి వెళ్లి, తన చేపలు తనే ఏరుకోవాలి. కుర్చీలో కూర్చుంటే ఎవరో తెచ్చిన సరుకే అమ్మాల్సి వస్తోందని ఆమెకు మహా మంట.

బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే సూది ఉందని విని, ఆన్‌లైన్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నది నేనే. వీడియోలో డాక్టరమ్మ వచ్చింది. సుగర్, థైరాయిడ్, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని అన్నీ అడిగింది. అత్తమ్మకు పాత స్టెంట్ ఉందని చెప్పగానే ఆగిపోయింది. గుండె డాక్టర్ సరే అన్నాకే రాస్తానంది. రెండు వారాలు తిరిగి, ఆ చీటీ తెచ్చి అప్‌లోడ్ చేశాకే మందు రాసింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఫారం నింపగానే సూది ఇంటికి వచ్చేసిందని అనుకుంటున్నారు కొందరు. అలా రాలేదు.

ఆ వీడియో కాల్ గుర్తొస్తే ఈ ఏడుపులో కూడా నవ్వొస్తోంది. "బరువు నోటితో చెప్పొద్దమ్మా, కెమెరాలో చూపించండి" అంది డాక్టరమ్మ. అత్తమ్మ నేరుగా కొట్టులో చేపల క్రేట్లు తూచే కాంటా ఎక్కేసింది. ముందు గిరాకీ నిలబడి ఉన్నారు. సిగ్గులేదు, మొహమాటం లేదు.

"సూడు డాక్టరమ్మ, నా కాంటా అబద్ధం జెప్పది. గీ గిరాకీనే అడుగు!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కెమెరా పక్కకు తిప్పుకుంది.

మొదటి సూది పెన్ను జెల్ ప్యాక్ డబ్బాలో వచ్చింది. చల్లగా ఉంచాలి అని చెప్పి నేను డ్యూటీకి వెళ్లిపోయాను. చేపలమ్మే మనిషికి చల్లగా ఉంచడం అంటే ఏంటి? తీసుకెళ్లి మంచు పెట్టెలో, బొచ్చె చేపల మధ్యలో కప్పెట్టింది! సాయంత్రానికి మందు గడ్డ కట్టింది.

కరిగాక వేసుకోవచ్చేమోనని మేం అడిగాం. ఒకసారి గడ్డ కడితే ఇక పనికిరాదు, పారేయండి అంది డాక్టరమ్మ.

అత్తమ్మ నోరు తెరిచింది. "మంచుల పెడితే చేప ఆగుతది, మందు ఖరాబైతదా?"

కానీ క్షణం కూడా ఆలోచించలేదు. "ఖరాబైన చేప ఎన్నడన్న అమ్మిన్నా? ఖరాబైన మందు నేనెట్ల ఏసుకుంట?" అంటూ పక్కన పెట్టేసింది. కొత్తది వచ్చాక ఫ్రిజ్‌లో, కూరగాయల పక్కన బుద్ధిగా పెట్టుకుంది.

మొదట్లో వికారంతో బాగా ఇబ్బంది పడింది. చేపల వాసనకే కడుపులో తిప్పేది. ప్రతిసారీ డాక్టరమ్మకు ఫోన్ చేసేది. ఆమె డోసు పెంచడం వాయిదా వేసేది. ఓపిగ్గా, మెల్లగా సాగింది వ్యవహారం.

సన్నబడుతుంటే రోడ్డు మీద ఒకటే ప్రశ్నలు. సుగరా, టీబీనా అని. "డాక్టర్ రాసిన సూది ఏసుకుంటున్న" అని అందరికీ వినబడేలా చెప్పేది. మా చుట్టాల్లో అదే సూది వాడుతూ యోగా చేస్తున్నామని చెప్పేవాళ్లు ఉన్నారు, పేర్లు వద్దులెండి.

తూంకుంట కాలనీ నుంచి వచ్చే ఒకావిడ తన కూతురి పెళ్లి ఉందని ఒక పెన్ను ఇమ్మని బతిమాలింది. అత్తమ్మ ససేమిరా అంది.

"చేపలు అడుగు, ఇస్త. సూది నీ బిడ్డను సూసిన డాక్టర్ ఇయ్యాలె."

మోకాళ్ల ఆపరేషన్ అయింది. కర్రతో కొన్నాళ్లు, తర్వాత అది కూడా వదిలేసి గట్టు మీదికి వెళ్లింది. ఆ రోజు నాకు వీడియో కాల్ చేసి చెరువు చూపించింది, తన మొహం చూపించడం మర్చిపోయి.

నిన్న అత్తమ్మను చూసిన ఆసుపత్రి డాక్టర్‌ని సూటిగానే అడిగాను, సూది వల్ల జరిగిందా అని. పాత గుండె జబ్బేనమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదన్నారు.

కాబట్టి దయచేసి ఆ మాట అనకండి. ఆ మాటకు భయపడి ఎవరూ తమ మందు తామే ఆపేయకండి. అనుమానం ఉంటే మీ డాక్టర్‌ని అడగండి.

సాయంత్రం వాకిట్లో పాడె లేపారు. ముందు కర్ర పట్టుకున్న మల్లేశ్ బావ అక్కడే ఆగిపోయాడు.

"అమ్మ గింత అల్కగున్నదేందే... బరువే లేదు..." అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"సూది తినేసింది" అని మళ్లీ అదే గొంతు.

ఈసారి ఊరుకోలేదు. అందరి ముందూ చెప్పాను. ఆ బరువు ఎవరూ తినెయ్యలేదు. మా అత్తమ్మే దించుకుంది, వాంతులు ఓర్చుకుని, నడవడం కోసం. నడిచింది కూడా.

ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లు అత్తమ్మా. నీ ఆత్మ చల్లగా ఉండాలి.