షంషాద్ ఆపా తెర వెనక అడిగే మాట

నిన్న సాయంత్రం పొయ్యి మీద చక్కెర పాకం కాస్త ముదిరింది. మా అమ్మాయికి పుడ్డింగ్ చేద్దామని మొదలుపెట్టాను. పాకం గడ్డకట్టకుండా నాలుగు చుక్కలు నిమ్మరసం పిండగానే వచ్చిన వాసనకి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పుల్లగా, తియ్యగా, అంచున కొంచెం మాడిన వాసన. విజయవాడ విద్యాధరపురంలో, గుండీలూ లైనింగు గుడ్డలూ అమ్మే కొట్టు పైన, రెండు గదుల బ్యూటీ పార్లర్‌లో శనివారం పొద్దున్నే ఈ వాసన ఉండేది. డబ్బాల్లో వచ్చే వ్యాక్స్ మీద షంషాద్ ఆపాకి నమ్మకం లేదు. చక్కెర, నిమ్మరసం కలిపి తనే కాచుకునేది. ఆమె పోయి నాలుగు నెలలైంది.

ఆమెను చూడనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. పొట్టి మనిషి. వచ్చీరాగానే బుర్ఖా తలుపు వెనక మేకుకి తగిలించి, చీర కొంగు బొడ్లో దోపుకుని పనిలోకి దిగేది. ఆపా అంటే ఉర్దూలో అక్క. వయసులో ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళలో సగం మంది కనుబొమలు ఆమె దారం కింద తీరినవే. ఆమె కనుబొమలు మాత్రం ఒత్తుగా, ముక్కు పైన దాదాపు కలిసిపోయి, పుట్టినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోనట్టు ఉండేవి. ఒక బ్యాంకు ఉద్యోగిని ఒకసారి కుర్చీలో కూర్చోగానే అడిగేసింది.

"అదేంటి ఆపా, ఊరందరికీ తీస్తావు, నీవి చూసుకోవా?"

"మాలో కనుబొమలు ముట్టుకోకూడదంటారండి."

"మరి మావి తీస్తే పాపం కాదూ?"

"అది నేనూ అల్లా మాట్లాడుకుంటాంలెండి. మీరు కదలకండి, కనుబొమ తోక తెగిపోద్ది."

నేను ఆమె దగ్గరికి మొదటిసారి వెళ్ళింది ఇరవై ఒకటో ఏట, మా అమ్మ వెంట. మాది పామర్రు దగ్గర పల్లె. పదమూడేళ్ళ నుంచే నాకు పై పెదవి మీద నూగు నల్లబడింది. పదో తరగతికి వచ్చేసరికి దాన్ని మీసం అనడానికి ఎవరూ మొహమాటపడలేదు. క్లాసులో ఆడపిల్లలు నన్ను 'మేస్త్రీ' అని పిలిచేవారు. ఇంట్లో మా నాయనమ్మ దృష్టిలో తప్పంతా మా అమ్మది. మా వైపు ఆడపిల్ల పుడితే నెలల తరబడి శనగపిండి, పసుపు, మీగడ కలిపి నలుగు పెడతారు. ఆ పిండిని ఉండ చేసి నుదుటి మీదా చేతుల మీదా పై పెదవి మీదా దొర్లించి పుట్టు వెంట్రుకలు రాలగొడతారు. మా అమ్మ రెండో నెలలోనే మానేసిందట.

"బిడ్డ ఏడుస్తందంట! మేం కనలేదా, మా పిల్లలు ఏడవలేదా?" అనేది నాయనమ్మ, వచ్చినవాళ్ళందరితో. "ఇప్పుడు చూడండి. పిండి మిగిలింది, మీసం మొలిచింది."

నా ముఖం చూసినప్పుడల్లా అమ్మకు తన తప్పే కనిపించేదని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. అప్పట్లో ఆమె చూపు నాకు అసహ్యంలా తోచేది.

చల్లపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులు ఎల్లుండి అనగా అమ్మ నన్ను బెజవాడ బస్సెక్కించింది. పామర్రులోనూ పార్లర్ ఉంది. కానీ అక్కడికి వెళ్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. షంషాద్ ఆపా పార్లర్‌లో ముందు గదికీ లోపలి గదికీ మధ్య పచ్చ తెర ఉండేది. వెంట వచ్చినవాళ్ళు, తల్లైనా అత్తైనా, ఆ తెర దాటి రాకూడదు. అది ఆమె పద్ధతి. అమ్మ బయట బల్ల మీద కూర్చుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, దారం చేతికి చుట్టుకుని, ఆపా చిన్నగా అడిగింది.

"ఏం చెయ్యమంటావు?"

"అమ్మ చెప్పింది కదండీ, పై పెదవి."

"మీ అమ్మ చెప్పింది విన్నా. నువ్వేం చెయ్యమంటావు?"

ఎవరైనా నన్ను అలా అడగడం అదే మొదలు. "తెలీదండీ" అన్నాను.

ఆమె దారం విప్పేసింది. "తెలీకపోతే ఇవాళ వద్దులే. తెలిశాక రా."

తెర అవతల నుంచి అమ్మ లేచి వచ్చేసింది. "అదేంటండీ? పామర్రు నుంచి నిలబడి వచ్చాం. ఎల్లుండి వాళ్ళొస్తన్నారు!"

"తెలుసమ్మా. అమ్మాయి తెలీదంటోంది."

"దానికేం తెలుసండీ? మీరు తీసేయండి, నేను చెప్తున్నాగా!"

"మీకు తియ్యాలంటే కూర్చోండి, ఇప్పుడే తీస్తా. ఆ అమ్మాయిది ఆ అమ్మాయే చెప్పాల." తర్వాత గొంతు తగ్గించింది. "కోప్పడకండి. రేపు ఏడింటికే తెరుస్తా. పిల్ల వస్తానంటే తీసుకురండి. కాస్త టీ తాగి వెళ్ళండి."

అమ్మ టీ తాగలేదు. ఆ రాత్రి అద్దం ముందు కూర్చుని ఆలోచించాను. మీసం తీయించుకుంటే అందరూ ఏమంటారో తెలుసు, ఉంచుకుంటే ఏమంటారో తెలుసు. నాకేం కావాలన్న దగ్గర మాత్రం ఏమీ లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఎప్పుడూ వెతుక్కోలేదు. పొద్దున్నే అమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి "వెళ్దామా?" అంది. "ఇంకా తెలియలేదమ్మా" అన్నాను. నా జీవితంలో అమ్మకు నేను కాదని చెప్పిన మొదటి మాట అదే.

చల్లపల్లివాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి నా చదువు గురించి అడుగుతూ ఆసాంతం నా పెదవి వైపే చూసింది. నాలుగు రోజులకు మధ్యవర్తి కబురు తెచ్చాడు. "పిల్ల లక్షణంగానే ఉందండీ, గానీ..." అని ఆగి, ముక్కు కింద వేలు రాసుకున్నాడు. ఆయనకు బుంగ మీసాలు. సంబంధం తప్పిపోయిందని చెప్పడానికి వచ్చి తన మీసం దువ్వుకుంటున్నట్టుంది. ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మూడు వారాల తర్వాత ఒక్కదాన్నే బస్సెక్కాను. ఆపా గుర్తుపట్టింది.

"తెలిసిందా?"

"తెలిసిందండీ. తీసేయండి. పెళ్ళి కోసం కాదు, నాకే నచ్చట్లేదు. చేతులు మాత్రం అలాగే ఉండనివ్వండి. వాటితో నాకేం ఇబ్బంది లేదు."

"చేతుల సంగతి నేనెత్తలేదే!" అని గట్టిగా నవ్వింది. ఆ తర్వాత దారం కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. ఇక మాట్లాడటం కుదరదు. అందుకే అడగాల్సిందంతా ముందే అడిగేది ఆమె. కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత నొప్పి. అద్దంలో చూసుకుంటే ఆ ముఖం నాకు నచ్చింది. ఆ ఇష్టం నాది.

ఆ ఏడే బెజవాడలో ఎం.ఏ.లో చేరాను. హాస్టల్‌లో ఉంటూ శని, ఆదివారాలు ఆపా దగ్గర పనికి కుదిరాను. మా అమ్మకు చెప్పడానికి ఆరు నెలలు పట్టింది. దారం పట్టడం నా పిక్క మీద నేనే నేర్చుకున్నాను. పని కంటే మాటలు ఎక్కువ నేర్చుకున్నాను. మా ఊళ్ళో ఆడదాని పెదవి మీద నూగు గురించి వీధిలో నిలబడి మాట్లాడేవారు. చంకల గురించి ఒక్కరూ ఎత్తేవారు కాదు, అక్కడ వెంట్రుకలు ఉండటమూ పోవటమూ ఎవరికీ పట్టదు. ఆపా ఇంట్లో పద్ధతి దీనికి తలకిందులుగా ఉండేది. నలభై రోజులు దాటకుండా అక్కడ తీసుకోవాలి, అది శుభ్రత, చిన్నప్పుడే తల్లి చెప్పేస్తుంది. కనుబొమలు మాత్రం దేవుడిచ్చినట్టే ఉంచాలి. ఇది విన్నప్పుడు నా తలలో ఏదో ముడి వదులైంది. యాభై కిలోమీటర్ల దూరంలో రెండు ఇళ్ళు, రెండిటికీ రెండు రకాల సిగ్గు. అంతవరకు నా సిగ్గు నా ముఖంలోనే పుట్టిందనుకున్నాను.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఆదివారం ఒకావిడ వచ్చింది, ముప్పై దాటని మనిషి, పిల్లాడి అన్నప్రాసనకని కనుబొమలు తీయించుకుంది. ఆపా పక్క గదిలో ఉంది. పని అయ్యాక, ఏ పార్లర్‌లోనైనా అడిగే మాటే కదా అని, "పై పెదవి కూడా చేసేయమంటారా అండీ?" అన్నాను. ఆవిడ చెయ్యి పెదవి మీదికి వెళ్ళింది. "కనిపిస్తోందా?" అంది. నేను దారం అందుకునే లోపల "ఇంకోసారి వస్తాలెండి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

సాయంత్రం ఆపా నేల ఊడుస్తూ, చీపురు ఆపి, "సరళా" అంది. "ఆమె కనుబొమలకొచ్చింది. నువ్వు మీసం ఇచ్చి పంపావు."

"అందరూ అడుగుతారు కదా ఆపా. బేరం పెరుగుద్దని..."

"పెరుగుద్ది. అడగనోళ్ళకి ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో చూపిస్తా కూర్చుంటే ఈపాటికి నాకు రెండంతస్తులు లేచేవి." మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. "వాళ్ళకి చూపించేవాళ్ళు ఇంటినిండా ఉంటారు బేటా. మనం కూడానా?"

ఆవిడ మళ్ళీ రాలేదు. మెట్లు దిగుతూ కొంగు అడ్డం పెట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నా క్లాసులో పిల్లలు మేస్త్రీ అని నాకు చేసిందే నేను ఆవిడకు చేశాను, అండీ అని మర్యాదగా.

చదువు అయ్యాక నాకు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళీ అయింది. ఆపా దగ్గరికి మూడు వారాలకోసారి వెళ్తూనే ఉన్నాను. నిరుడు ఆమె కిడ్నీలు పాడై ఆసుపత్రిలో చేరింది. చూడటానికి వెళ్ళినప్పుడు మొదట నా కంటపడింది ఆమె గడ్డం. కనుబొమలు ముట్టుకోకపోయినా, గడ్డం మీద మొలిచే నాలుగు వెంట్రుకలను ఆపా శుక్రవారం పొద్దున్నే చేతి అద్దంలో చూసుకుంటూ తనే తీసుకునేది. మూడు వారాలుగా తీసినవాళ్ళు లేరు. తెల్లగా, పొడుగ్గా పెరిగాయి. నా బ్యాగులో దారం ఉంది. తీద్దామా అంటే ఆమెకు లేని గడ్డం నేను ఇచ్చినట్టవుతుంది. ఊరుకుంటే ఆమె దారం పట్టలేని స్థితిని ఆసరాగా తీసుకుని ఊరుకున్నట్టవుతుంది. మూడు రోజులు వరసగా వెళ్ళాను, మూడు రోజులూ తేల్చుకోలేకపోయాను. చివరికి ఆమే తేల్చింది.

"మూడు రోజుల్నుంచి నీ చూపు నా గడ్డం మీదే ఉంది."

"మీరు అడగనిది ఎత్తకూడదని..."

"సరేలే, ఎత్తావనుకో. ఉండనీ. మా అబ్బాజాన్ గడ్డం ఇట్టాగే ఉండేది, మెత్తగా." సెలైన్ సూది లేని చేత్తో మెల్లగా నిమురుకుంది. "ఇన్నాళ్ళూ పీకి పారేశాను. ఇప్పుడు తడుముతుంటే బాగుంది."

ఆమె కోడలు రిజ్వానా నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. రాత్రీ పగలూ అత్తగారి మంచం పక్కనే ఉంటున్న పిల్ల. కళ్ళు గుంటలు పడ్డాయి. "అక్కా, శుక్రవారం బందరు నుంచి అందరూ వస్తున్నారు. ఆమె నిద్రపోయినప్పుడు కాస్త తీసేయవా? చూస్తే కోడలు పట్టించుకోలేదంటారు."

ఆ మాటలో నాకు మా అమ్మ గొంతు వినిపించింది. అమ్మ మీద ఆ రోజుల్లో రాని జాలి ఇప్పుడు వచ్చింది. అయినా, "తియ్యను రిజ్వానా. ఆమె వద్దన్నారు" అన్నాను. "నీకు మాట వస్తే నేను అక్కడే ఉంటాను. సరళ చెయ్యనందని నా మీద పెట్టు."

శుక్రవారం నేను సెలవు పెట్టి వెళ్ళి కూర్చున్నాను. బందరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చూడనే చూసింది. "హాయ్ అల్లా, ఏంటిది, ఎవరూ చూసుకోవట్లేదా?" అంది. నేను నోరు తెరిచే లోపల మంచం మీద నుంచి ఆపా, "నాదే వదినా. ఇష్టపడి పెంచుకుంటున్నా" అంది. పెద్దావిడ బత్తాయిలు వలవడం మొదలుపెట్టింది. రిజ్వానా చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆపా పోయిన నలభయ్యో రోజున వాళ్ళింటికి వెళ్తే, రిజ్వానా నాకు ఒక్క సంగతి చెప్పింది. చివరి స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె గడ్డం వైపు చూసి ఏదో అనబోయిందట. "నేనే అడ్డుపడ్డాను అక్కా" అంది రిజ్వానా. "ఆమెకి ఇష్టమే అని చెప్పాను. అత్తమ్మకి ఏది ఇష్టమో చెప్పగలిగింది ఆ గదిలో నేనొక్కదాన్నే." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో దుఃఖం ఉంది, తడబాటు లేదు.

నేను ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్తాను. నా ఎదురుగా ఏటా కొత్త ముఖాలు కూర్చుంటాయి. కొందరు తీయించుకుని వస్తారు, కొందరు మానేస్తారు, కొందరికి అసలు ఆ ఆలోచనే ఉండదు. మా అమ్మాయికి ఈ ఏడు పదమూడు నిండాయి. ఎవరి ఒంటి గురించైనా ఏదైనా అనబోయే ముందు నా నోరు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం ఆపా దగ్గర నేర్చుకున్నది. చాలాసార్లు ఆ క్షణం గడిచాక, చెప్పాల్సింది ఏమీ ఉండదు.