సున్నం వేసిన పాత చర్చి

కడపలో ఉన్న మా అక్కకు రెండు కళ్ళూ మసకబారాయి. మనుషులను గొంతును బట్టే గుర్తుపడుతుంది. ఎండలో పెట్టిన తెల్లని వస్తువు మాత్రం ఇంకా కొంచెం కనబడుతుంది. ఈ వేసవి దాటితే అదీ ఉండదని డాక్టరు చెప్పాడు. అప్పుడు ఆమె నన్ను ఒక్కటే కోరింది. కోయిలకుంట్ల అవతలి పల్లెలో మా నాయన ఉపదేశిగా ఉండి ప్రార్థనలు జరిపిన చర్చి ఫొటో కావాలంది. ఆ చర్చి కప్పు కూలి చాలా ఏళ్ళయింది. “పొద్దు గుంకేటప్పుడు తియ్యే. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి అమ్మ దీపం పెట్టే గూటి మీద పడతాది. గూటిపైన మసి ఇంకా ఉండాదేమో చూడు” అంది. సాయంత్రం ప్రార్థనలకు మా అమ్మ పెట్టిన దీపాల మసి అది. ఆ గూటి కిందే మేమిద్దరం అక్షరాలు దిద్దుకున్నాం.

మా అల్లుడి పెట్టె కెమెరా అడిగి తీసుకున్నాను. ఒక ఫిల్ము చుట్టకు ఎనిమిది ఫొటోలు వస్తాయి. ఆరు మనవల అల్లరికి అయిపోగా రెండు మిగిలాయి. కర్నూలులో పొద్దున రైలెక్కి ద్రోణాచలంలో బండి మారి నంద్యాల చేరాను. ఆ రాత్రి బంధువుల ఇంట్లో ఉండి, మరునాడు కోయిలకుంట్ల బస్సెక్కాను. టిక్కెట్టు పన్నెండు అణాలు. మనుషులు నిండితేగాని బస్సు కదలదు కాబట్టి గడియారం చూసుకోవడం వృథా. దిగాక బస్సు ఆగేచోట ఒకామె పెట్టిన జొన్నరొట్టె, ఉల్లికారం తిని, ఎద్దులబండి మాట్లాడుకున్నాను. రానూపోనూ రూపాయి. వాన పడితే ఆ నల్లరేగడిలో బండి దిగబడుతుంది, ఎండాకాలమే మేలు.

బండి తోలే దస్తగిరికి నోరు ఊరుకోదు. “ఆ మొండిగోడల్లో ఏముండాదని పోతాండావు అవ్వా? తొండలు తప్ప!”

“తొండలకే ఫొటో తీస్తాను. నువ్వు ఎద్దుల సంగతి చూడు.”

“తీయి తీయి. అవి మాత్రం కదలకుండా కూచుంటాయి, మా ఇంటిదాని మాదిరి కాదు.”

పల్లె ఇంకా దూరంగా ఉండగానే చర్చి కనబడింది. నా జ్ఞాపకంలో ఆ చర్చి బూడిదరంగు నాపరాళ్ళ గోడలు. ఇప్పుడు ఆ నల్లటి చేల నడుమ, కప్పు లేని గోడలు ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా మెరుస్తున్నాయి.

దగ్గరికి వెళ్ళేసరికి రాహేలు అనే ఆవిడ ఎదురొచ్చింది. ఆ పల్లెలో కూలిచేసుకునే క్రైస్తవ కుటుంబాల్లో పెద్దదిక్కు ఆమె. “రామ్మా, రా! పొద్దున్నుంచి కండ్లు కాయలు కాస్తాండాయి నీకోసరం.”

“ఈ సున్నం ఎవరు వేయమన్నారు?”

“ఒకరు చెప్పాల్నామ్మా? ఉపదేశి కూతురు ఫొటో తీయను వస్తాందని నువ్వు మా పల్లెకు రాసిన కార్డు వచ్చె. చూడనొచ్చే ఇంటికి సున్నం కొట్టకుండా యాడన్నా చూపిస్తారా? క్రిస్మసుకు మా ఇండ్లకని దాచుకున్నదే, తలా ఇంత తెచ్చి కలిపి కొట్టినాం.”

నేను తూర్పుగోడ దగ్గరికి నడిచాను. అన్నిటికన్నా తెల్లగా ఉంది దీపపు గూడు. “ఆడ శానా మసి ఉన్నిందమ్మా. ఉంటే సున్నం పట్టదని రాయితో గీకితి” అంది రాహేలు, మెప్పు కోసం నా ముఖం చూస్తూ.

“ఆ మసి కోసమే నేను ఇంత దూరం వచ్చింది! అడగకుండా ఎందుకు గీకావు?” అన్నాను. పంతులమ్మగా ఏళ్ళ తరబడి బడిలో పిల్లలను గద్దించిన గొంతు అది, నాకు వేరే గొంతు లేదు. రాహేలు సున్నానికి పగిలిన వేళ్ళను కొంగులో దాచుకుంది.

“మసి కోసరం రైలెక్కినావా అవ్వా?” అన్నాడు దస్తగిరి మెల్లగా. “మా పొయ్యికాడ గంపెడుండాది.” ఎవరూ నవ్వలేదు.

రాహేలే అంది: “మసిదేముందమ్మా. దీపం పెడితే మళ్ళా వస్తాది.” ఇంటికి వెళ్ళి కిరసనాయిలు బుడ్డి తెచ్చింది. వెలిగించి గూట్లో పెట్టింది.

అప్పటికి పొద్దు వాలింది. పడమటి కిటికీలోంచి ఎర్రటి ఎండ అక్క చెప్పినట్టే వచ్చి గూటి అంచును తాకి, చూస్తుండగానే జారిపోయింది. మొదటి ఫొటో ఆ క్షణంలో తీశాను. సూర్యుడు మునిగాక చేలన్నీ నల్లబడినా, ఆ గోడలు మాత్రం ఇంకా వెలుతురును పట్టుకునే ఉన్నాయి. కెమెరాను ఒక నాపబండ మీద నిలిపాను. రాహేలు పక్కకు తప్పుకోబోయింది. ఉతికిన తెల్లచీర కట్టుకొని వచ్చిందని అప్పుడు గమనించాను.

“తప్పుకోవద్దు. గూటి పక్కనే నిలబడు. ఊపిరి కూడా మెల్లగా తీసుకో.”

“నేనెందుకమ్మా ఫొటోలో?”

“నిలబడమన్నాను.”

పది లెక్కపెట్టేదాకా కెమెరా కన్ను తెరిచి ఉంచాను. ఎద్దుల మెడగంటలు మోగకుండా దస్తగిరి చేతులతో పట్టుకున్నాడు. గంటల చప్పుడు ఫొటోలో పడదని అతనికి నేను చెప్పలేదు.

కర్నూలులో ఆ రెండో ఫొటోను పెద్దది చేయించి కడపకు తీసుకెళ్ళాను. మసి సంగతి ఎలా చెప్పాలో దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. అక్కను వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి చేతికిచ్చాను. ఫొటోను కళ్ళకు ఆనించుకుని చాలాసేపు చూసింది. మసి ఊసే ఎత్తలేదు.

“ఇది గోడ. ఇది దీపం. దీని పక్కన ఎవరే?”

“గోడలకు సున్నం వేసినామె.”

“సున్నమా?” ఆమె వేలు ఆ తెలుపు మీదే ఆగింది. “ఆడ ఎవురూ లేరనుకుంటినే ఇన్నాళ్ళు” అని ఫొటోను ఒళ్ళో బోర్లించి, రెండు చేతులూ దానిమీద పెట్టుకుంది.

నేను కోరుకున్న మసిగోడే దొరికి ఉంటే అక్కకు కనిపించేది ఒక నల్లటి అట్టముక్క. ఎవరూ అడగకుండా, తమ పండుగ సున్నం తెచ్చి వేసినవాళ్ళను నేను గద్దించాను. ఆ తప్పు ఒప్పుకుంటూ రాహేలుకు కార్డు రాశాను. ఈ దారిన వెళ్ళేవారు పొద్దు గుంకడానికి గంట ముందే అక్కడ ఉండండి. వెళ్ళేటప్పుడు కోయిలకుంట్లలో ఒక సీసా కిరసనాయిలు కొని తీసుకెళ్ళి రాహేలు చేతికివ్వండి. ఆ గూట్లో ఇంకా చాలా మసి పడాలి.