ముల్లు లేని క్యారేజీ

“చేపల పులుసు పెట్టి పంపితే క్యారేజీలో ఒక్క ముల్లయినా లేదేంటే? ముళ్ళు కూడా నమిలేశావా?”

“కడిగేశాను మామ్మా.”

“తిన్న కంచం తియ్యనిదానివి, క్యారేజీ కడిగావా? ఎవడికి పెడుతున్నావే నేను వండింది?”

“ఛీ! నువ్వూ నీ అనుమానాలూ!”

ఇది నాకూ, డిగ్రీ ఆఖరి పరీక్షలకు చదువుతున్న నా మనవరాలికీ జరిగిన గొడవ. ఇంట్లో గోలగా ఉందని అది పగలంతా గణపవరం దగ్గర మా చేపల చెరువు గట్టు మీది షెడ్డులో చదువుకునేది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పుస్తకాల సంగతి తెలియదు గానీ, ఎంగిలి గిన్నె చూస్తే తిన్నదెవరో చెప్పగలను.

మర్నాడు దాని వెనకే వెళ్ళి షెడ్డు చాటున నిలబడ్డాను. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం అది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక ఉమ్మేసి, మిగతా అన్నమంతా చెరువులో పోసేసింది. అలవాటున్నట్టు చేపలు గుంపుగా వచ్చాయి.

“అన్నం నీళ్ళపాలు చేస్తావుటే!” అని అరిచాను. అది బెదిరిపోయి గట్టు మీద కూలబడింది.

“వారమైంది మామ్మా, ముద్ద దిగట్లేదు. పరీక్ష తప్పితే నువ్వేమంటావోనని భయం,” అని ఏడ్చింది.

ఎవడినో పట్టుకుందామని వెళ్ళిన నాకు నేనే దొరికాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“తప్పితే మళ్ళీ రాద్దువులే, లే,” అన్నాను.

మర్నాడు పొద్దున్నే మొదటి పరీక్ష. పెరుగన్నం మెత్తగా కలిపి నేనే ముద్దలు పెట్టాను. నాలుగు తింది, ఐదోది వద్దంది. మిగిలింది నేను తిని, దాన్ని తాడేపల్లిగూడెం బస్సెక్కించాను.