రెండు సీసాల ఇసుక

మా చెల్లి రెండు క్లౌన్ చేపల్ని పెంచుతోంది. వాటి గాజుతొట్టి పగిలినప్పుడు పెంకులన్నీ ఇసుకలో కలిసిపోయాయి. కొత్త తొట్టి వచ్చింది కానీ పాత ఇసుక పనికిరాలేదు. చేపల్ని ప్లాస్టిక్ టబ్బులో ఉంచి రోజూ సగం నీళ్ళు మారుస్తున్నాం. అయినా వాటి నారింజ రంగు వెలిసిపోతోంది.

ఉప్పునీటి తొట్టి అడుగున ఉత్త ఇసుక పోస్తే సరిపోదు. అందులో బతికున్న బ్యాక్టీరియా ఉండాలి. చేపల మలం నుంచి పుట్టే అమ్మోనియాను అదే విరిచేస్తుంది. చచ్చిన ఇసుక పోస్తే చేపలూ చస్తాయి. ఇసుక ఎంచే పని నాకు పడింది.

మోండా మార్కెట్ వెనక సందులోని చేపల దుకాణంలో, యజమాని సీలు వేసిన విదేశీ సంచి ఒకటి చూపించాడు. నేను ముందు తేదీ చూశాను. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంది.

"దీని కింద ఇంకో తేదీ ఉందేంటి?"

"కంపెనోల్లే ఏసిన్రు భయ్యా. నేనేం అతికియ్యలే."

"లోపల బతికే ఉందని ఎలా తెలుస్తుంది?"

"ఏందీ భయ్యా, పెండ్లిచూపులకు వచ్చినట్టు చూస్తున్నవ్! నమ్మకం లేకుంటే నా టాంక్‌ల ఇసుక తీస్కపో. మూడేండ్ల సంది నడుస్తున్నది."

తన తొట్టిలోది అంత తేలిగ్గా ఇస్తానంటే అనుమానం ఇంకా పెరిగింది. దాంట్లో ఏ రోగం ఉందో? సంచి కొని, ఆయన ఇసుక ఒక గుప్పెడు కవర్లో వేయించుకుని పద్మారావు నగర్‌లోని ఇంటికి వచ్చాను.

సంచి మూల కొద్దిగా కత్తిరించి ఇసుక తీసి, రెండింటి మీదా వెనిగర్ చుక్కలు వేశాను. రెండూ నురగలు కక్కాయి. అంటే రెండూ ఉప్పునీటి తొట్టికి వాడే పగడపు ఇసుకే. కానీ చచ్చిన పగడమూ నురగ కక్కుతుంది. అందుకని రెండు పచ్చడి సీసాలు కడిగి, ఎడమదాంట్లో సంచి ఇసుక, కుడిదాంట్లో దుకాణం తొట్టి ఇసుక వేశాను. ఉప్పునీళ్ళు సమానంగా పోసి, చిటికెడు చేపల మేత వేసి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో మార్కర్‌తో గీత గీసి వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. మేత కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. బతికున్న ఇసుక దాన్ని తినేస్తుంది. రోజూ చెంచాడు నీళ్ళు బయటికి తీసి అమ్మోనియా పరీక్ష చుక్కలు వేసినప్పుడు అవి పసుపుగా ఉంటే మంచిది, ఆకుపచ్చగా మారితే విషం.

మొదట రెండూ లేత ఆకుపచ్చకు తిరిగాయి. కొన్ని రోజులకు ఎడమది ఒక్కసారిగా పసుపైంది. కుడిది ఆకుపచ్చగానే ఉండిపోయింది. అనుకున్నంతా అయింది, దుకాణంవాడు తన తొట్టి మురికి అంటగట్టబోయాడు.

"అన్నయ్యా, తేలింది కదా, సంచి పోసెయ్యి. నీ పరిశోధన పూర్తయ్యేలోపు ఇవి పోతాయి," అంది చెల్లి, టబ్బు పక్కనుంచి కదలకుండా.

మూల కోసిన సంచిని పూర్తిగా తెరవడానికి కత్తెర తెచ్చాను. సంచి మూతి కొత్త తొట్టిలోకి వంచబోతూ ఇంకోసారి సీసాల వైపు చూశాను. ఎండకి కుడి సీసాలో నీళ్ళు గీత కిందికి దిగాయి. ఎడమ సీసాలో సరిగ్గా గీత మీదే ఉన్నాయి. ఒకే కిటికీ, ఒకే ఎండ. ఒకటి ఆవిరై ఇంకోటి కాకపోవడం ఏమిటి?

ఉప్పు కొలిచే మీటర్ తెచ్చాను. కుడిదాంట్లో ఉప్పు కొద్దిగా పెరిగింది. ఎడమదాంట్లో అసలు లేదు.

"అమ్మా, ఈ సీసా ముట్టుకున్నావా?"

"ఎడంపక్కదేగా? కుళ్ళు కంపు కొట్టి చచ్చాం రా. బియ్యం కడిగినట్టు కడిగి మంచినీళ్ళు పోశా. నీ గీత దాకానే పోశాలే, కంగారుపడకు."

"మరి రెండోది?"

"దానికేం, వాసనే లేదు. ఊరికే ఎందుకు కడుగుతాను?"

చెల్లి నన్ను చూసింది. ఎడమది పసుపైంది ఇసుక వల్ల కాదు, అమ్మ పోసిన మంచినీళ్ళ వల్ల. నేను కత్తెర కింద పెట్టాను.

నిన్న ఆకుపచ్చగా తేలిన కుడి సీసాలోంచి నీళ్ళు తీసి మళ్ళీ చుక్కలు వేశాను. పసుపు. దీన్నెవరూ ముట్టుకోలేదు, తగ్గిన నీళ్ళూ పెరిగిన ఉప్పూ సాక్ష్యం. అప్పుడే మళ్ళీ దుకాణానికి వెళ్ళి బకెట్ నిండా ఆయన తొట్టి ఇసుక తెచ్చాను. ఆయన చిరునవ్వు దాచుకోలేదు.

ఇసుక పరిచి, నీళ్ళు తేరుకున్నాక చేపల్ని వదిలాం. అవి ఒక మూలన ఇసుకలో ముక్కుతో గుంట తవ్వుకోవడం మొదలుపెట్టాయి. అమ్మ వచ్చి, తొట్టి మీదికి వంగి వాసన చూసింది.

"దీని జోలికి నేను రానులే," అంది.

ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, మార్కర్ తీసి తొట్టి గాజు మీద ఒక గీత గీశాను.