పోస్టుకి రెండు సూదులు

తెలివితక్కువ పని ఎవరిదని అడిగితే, సలహా కోచింగ్ సార్‌ది, సంతకం నాది. కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను నాంపల్లిలో పుట్టాను. ఊరి పేరులోనే పల్లి ఉంది, నా ఒంటికి మాత్రం పల్లీ పడదు. నాలుగు గింజలు చాలు, పెదవులు ఉబ్బుతాయి, గొంతు మూసుకుపోతుంది. ఈ సంగతి సైన్యానికి చెప్పకుండా, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున్న పోస్టుకి ఎక్కాను.

చేరింది మంగళవారం, పగలు పదకొండు నలభైకి. మైనస్ తొమ్మిది. ఎడమన మంచుగోడ, కుడిన లోయ, మధ్యన రెండడుగుల దారి. వీపున ఇరవై రెండు కిలోలు: స్లీపింగ్ బ్యాగు, తాడు, తూటాలు, ఎండు రేషను, మూడు జతల ఉన్ని మేజోళ్లు. అబద్ధం తూకానికి రాదు కాబట్టి దాన్ని కలపలేదు.

ఆ అబద్ధం అబిడ్స్‌లో పుట్టింది. ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో కోచింగ్ సెంటర్, లిఫ్టు లేదు. వైద్య పరీక్షకి ముందు నింపే ఫారంలో, ఏ తిండైనా పడదా అని ఒక ప్రశ్న ఉంది. చిన్నప్పుడు పల్లీ చట్నీ తిని మూడు రోజులు దవాఖానలో ఉన్నానని సార్‌కి చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"పెన్ను నీది, ఒళ్లు నీది. లేదని కొట్టు. ఎవడు సూడొచ్చిండు?"

కొట్టాను. ఛాతీ కొలిచారు, కళ్లు చూశారు, చెవిలో గులిమి ఉందని నా ముందువాణ్ణి శుభ్రం చేయించుకు రమ్మన్నారు. నన్ను ఫిట్ అన్నారు. పల్లీ సంగతి ఏ స్కేలుకీ అందదు మరి.

పోస్టులో ఎనిమిది మందిమి. రేషనులో మనిషికి రోజుకొక పల్లీ చిక్కీ వచ్చేది. ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తీపి ఒక్కటే దిగుతుంది. అందుకని చిక్కీ అంటే అందరికీ ప్రాణం. నా ప్రాణానికి అది గండం. రోజుకొకరికి ఇచ్చేసేవాణ్ణి. అలా నెల తిరిగేసరికి నాకు గొప్ప త్యాగి అని పేరొచ్చింది. సెంట్రీ దిగిన జవాన్లు నన్ను చూసి నవ్వేవారు, వంటవాడు చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసేవాడు. నేను కాదనలేదు. ఉచితంగా వచ్చిన మంచితనాన్ని ఎవరు వద్దంటారు?

ఆ మంచితనమే నా మీదికి వచ్చింది. నా పుట్టినరోజున వాళ్లంతా కూడబలుక్కున్నారు. వారం రోజులు ఒక్కొక్కరూ సగం చిక్కీ దాచారు. వంటవాడు వాటిని మెత్తగా దంచి రవ్వ హల్వాలో కలిపాడు. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి గిన్నె నా చేతిలో పెట్టి ఏడుగురూ చుట్టూ నిలబడ్డారు. ఆవిరి, నెయ్యి, యాలకుల వాసనలో పల్లీ తెలియలేదు. రెండు చెంచాలు తిన్నాను. మూడోది ఎత్తేలోపు నాలుక చిమచిమలాడింది. తర్వాత గొంతులోంచి ఈల. నేను వేసింది కాదు. ఆ ఈల మధ్యనే ఇందులో పల్లీ ఉందా అని అడిగాను, వంటవాడు తలూపాడు.

మా నర్సింగ్ అసిస్టెంట్ మెదక్‌వాడు. తినే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. ఆ రోజు ప్రార్థన పూర్తి కాలేదు. నన్ను పడుకోబెట్టి, కాళ్లు ఎత్తించి, ప్యాంటు మీంచే తొడలో అడ్రినలిన్ సూది పొడిచాడు. పక్కన వైర్‌లెస్ ఆపరేటర్ కింది క్యాంపుకి చెబుతున్నాడు.

"మావాడు పల్లీ తిన్నాడు. ఊపిరి ఆడటం లేదు. ఓవర్."

కాసేపు గరగర. "ఏం తిన్నాడు? మళ్లీ చెప్పు. ఓవర్."

"పల్లీ. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

మంచు కురుస్తోంది, హెలికాప్టర్ ఎగరదన్నారు. పది నిమిషాలకి రెండో సూది పడింది. ఆ తర్వాత గొంతు తలుపు సన్నగా తెరుచుకుంది. ఒకటీ యాభైకి ఆపరేటర్ గొంతు మళ్లీ వినిపించింది. "పేషెంట్ చాయ్ అడుగుతున్నాడు. ఓవర్." బంకర్‌లో అందరూ ఒక్కసారి అరిచారు. యుద్ధం గెలిచినవాళ్లు కూడా అంత గట్టిగా అరవరేమో.

మెదక్ అన్న మాత్రం అరవలేదు. అందరూ బయటికి వెళ్లాక నా పక్కన కూర్చున్నాడు.

"పల్లీ పడదని ఎరుకేనా నీకు?"

"ఔ అన్నా. చిన్నప్పటిసంది."

"మరి కాయితంల ఏం రాసినవ్?"

"లేదని."

అరచేయి తెరిచి చూపించాడు. ఆ సూదిమందువి, రెండు ఖాళీ గాజు సీసాలు, మెడలు విరిచినవి. చిటికెన వేలంత కూడా లేవు.

"పోస్టుకి రెండే ఉండె. రెండూ నీకే పోయినయి. తొవ్వ తెరిచేదాంక ఇంకెవనికన్నా గిట్లయితే నేను ఏం బెట్టి పొడవాలె?"

మూడు రోజులు మంచు తెరిపి ఇవ్వలేదు. ఆ మూడు రోజులూ ఎవరు దగ్గినా నేను ఉలిక్కిపడ్డాను. నాలుగో రోజు హెలికాప్టర్ కొత్త సూదులు దింపి నన్ను ఎక్కించుకుంది. అన్న ఆ రెండు సీసాలకి దూది చుట్టి, మాత్రల డబ్బాలో పెట్టి, నా జేబులో వేశాడు. పైనుంచి చూస్తే తెల్లటి వాలు మీద గోధుమరంగు చుక్కలు. మిగిలిన చిక్కీలన్నీ లోయలోకి విసిరేస్తున్నారు, ప్రాణంలా చూసుకున్నవాళ్లే.

మెడికల్ బోర్డు ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాచినందుకు ఇంటికి పంపేయవచ్చు. నా రికార్డులో ఎర్రసిరా పడింది, వైద్య కేటగిరీ తగ్గింది. కానీ ఉద్యోగం ఉంచారు. పదిహేడేళ్లు కింది స్టోర్లలో పనిచేసి, హవల్దారుగా బయటికి వచ్చాను. మొదటే నిజం రాసి ఉంటే నన్ను తీసుకునేవారు కాదేమో. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. ఏడుగురి సూదులు వాడేసుకున్నానన్న మాట ఇంకా లోతుగా గుచ్చుతుంది.

తిరిగొచ్చి అబిడ్స్‌లో అదే బిల్డింగు రెండో అంతస్తు కిరాయికి తీసుకున్నాను. సైన్యానికి వెళ్లాలనుకునేవాళ్లకి ముందస్తు వైద్య సలహా, ఉచితం. పై అంతస్తు కోచింగ్‌కి వెళ్లాలంటే నా గుమ్మం దాటాల్సిందే. దమ్మున్నవాళ్లు నేరుగా ఎక్కిపోతారు, దమ్ము జబ్బున్నవాళ్లు నా దగ్గర ఆగుతారు. ఎవరికి గేటు మూసుకున్నట్టో, ఎవరు నయం చేసుకుని మళ్లీ రావచ్చో చెబుతాను. కర్ణభేరికి చిల్లున్న కుర్రాడిని పైన నోరు మూసుకోమన్నారు. నేను డాక్టరు దగ్గరికి పంపాను. ఆపరేషన్ చేయించుకుని, మానాక కాగితాలతో సహా వెళ్లి, ఎంపికయ్యాడు. యూనిఫాంలో వచ్చి గుమ్మంలో సెల్యూట్ కొట్టిన రోజు నేను రెండు కప్పుల చాయ్ ఒలకబోశాను.

మొన్న మెట్ల మీద ఆయాసం వినిపించింది. కోచింగ్ సార్. అరవై దాటాయి. కుర్చీ వేసి నీళ్లిచ్చాను.

"ఏందయ్యా, నా కిందనే దుకాణం పెట్టినవ్?"

"పైకి పోయేటోళ్లు జర ఆగి పోతరని, సార్."

నా దగ్గర కూర్చున్న ప్రతివారికీ ఇచ్చే ఫారం ఆయనకీ ఇచ్చాను. ఆయన నవ్వి, అలవాటు ప్రకారం అన్నిటికీ లేదని కొట్టాడు. కాగితం వెనక్కి జరిపాను.

"పెన్ను మీది, ఒళ్లు మీది. మెట్లు మాత్రం అందరివి సార్. మీరు పడితే ఎత్తేటోళ్లకు ఎరుకుండాలె. మళ్ల రాయుండ్రి."

నా బల్ల మీదున్న రెండు సీసాలూ ఎక్కడివని అడిగాడు, చెప్పాను. తర్వాత అన్నీ కొట్టేసి రాశాడు. షుగరు. బీపీ. గుండెలో స్టెంటు. కింద సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. ఎగరకుండా ఆ కాగితం మీద రెండు సీసాలూ పెట్టాను.