అక్షిత పాలపండ్లు, అందరి జాలి

శైలజ మాట తక్కువ మనిషి. ఆమె బిడ్డ అక్షితకు ఐదేండ్లు. పుట్టుకతోనే కిడ్నీలు సరిగ్గ లేవు. డాక్టరు ఉప్పు బంద్ చెయ్యమన్నడు. ఆ ఒక్క మాట సూర్యాపేటల చుట్టాలందరికీ పాకింది. ఉప్పు వద్దన్నరంటే తీపి పెట్టుమన్నట్టే అని వాళ్లకు వాళ్లే తేల్చుకున్నరు. ఎవరొచ్చినా "అయ్యో పాపం" అనుడు, బుగ్గ గిల్లుడు, నోట్లె చాక్లెట్ పెట్టుడు. మిర్యాలగూడల రైసుమిల్లు నడిపే బావగారు విశ్వేశ్వర్‌కైతే జాలి మరీ ఎక్కువ. వచ్చినప్పుడల్లా మిఠాయి డబ్బా తెస్తడు.

శైలజ వద్దంటే అత్త సరోజన ఊకోదు.

"కన్నతల్లివేనా నువ్వు? బిడ్డ నోరు కట్టేస్తున్నవ్!"

"పండ్లు పుచ్చుతున్నయ్ అత్తమ్మా. ఈ రోగం ఉన్న పిల్లలకు పంటి మీది పొర గట్టిగ ఉండదట."

"పాలపండ్లేనాయె. ఊడేటివే గద!"

ఊడేదాకా ఆగలేదు. కింది పన్ను దగ్గర చీము పట్టి దవడ వాచింది, జ్వరమొచ్చింది. ఆ చీము ఒంట్లకు దిగితే మిగిలిన కాస్త కిడ్నీ కూడ ఖతమైతదేమోనని శైలజ బిడ్డనెత్తుకొని ఉరికింది.

సూర్యాపేటల పండ్ల డాక్టరు కిడ్నీ అన్న మాట వినంగనే చేతులు వెనక్కి తీసుకున్నడు. "మాతోని గాదమ్మా, కోదాడ పోండ్రి" అన్నడు. కోదాడ డాక్టరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, "పాలపన్నే కదండీ, అదే ఊడిపోతుందిలెండి" అన్నడు. అన్నేండ్లు చదివి ఆయన కూడ సరోజన మాట దగ్గరికే వచ్చి ఆగిండు.

మిర్యాలగూడల ప్రేమలత డాక్టరమ్మ మాత్రం ముందు కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేసింది. ఏ మందు ఇయ్యాల్నో, ఎంత ఇయ్యాల్నో అడిగింది. ఆ మందుకు జ్వరం తగ్గినంక పిల్లను కుర్చీల కూసోబెట్టి, "ఆ అను తల్లీ" అన్నది.

అక్షిత టక్కున నోరు తెరిసింది.

"ఎంత బుద్ధిమంతురాలమ్మా నీ బిడ్డ!" అని డాక్టరమ్మ మురిసింది.

అసలు సంగతి శైలజకే ఎరుక. ఎవరు "ఆ అను" అన్నా ఏదో ఒక తీపి పడుతదని నేర్చుకున్న నోరు అది.

పన్ను బయటికొచ్చింది. అంతల్నే సరోజన ఫోన్.

"బిడ్డ ఏడ్చిందానే? నోట్లె జర ఏమన్న పెట్టకపోయినవ్!"

"పెట్టిన అత్తమ్మా."

"మంచి పని జేసినవ్. ఏం పెట్టినవ్?"

"దూది."

"తియ్యగుంటదా అది?"

శైలజ ఫోన్ పెట్టేసి బిడ్డ దవడ కింద చెయ్యి పెట్టింది. "గట్టిగ కొరుకు బిడ్డా" అన్నది. దూది మీద ఎరుపు ఇగ పెరుగుత లేదు.